దమనకుడు చెప్పిన నీతికథ
(మా ఫోరం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రాజకీయాలు మాట్లాడుకునే చోట జంతువుల కథలేమిటని కొందరు మిత్రులు నవ్వారు. నేను పండితుణ్ణి కాను, మీలాగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. కానీ పంచతంత్రం పుట్టిందే రాజకీయం నేర్పడానికి. విష్ణుశర్మ ముగ్గురు రాజకుమారులను కూర్చోబెట్టి చెప్పిన కథలవి. మనకు వాటిని 1853లో చిన్నయసూరి తన నీతిచంద్రికతో దగ్గర చేశాడు.

మిత్రభేదం గుర్తు చేసుకోండి. సంజీవకుడనే ఎద్దు ఎక్కడినుంచో వచ్చి ఆ అడవిలో చిక్కుకుపోయినవాడు. మనలాగే పరాయివాడన్నమాట. అతనికీ పింగళకుడనే సింహానికీ స్నేహం కలిపింది దమనకుడనే నక్క. తన పలుకుబడి తగ్గేసరికి విడదీసిందీ వాడే. ఎద్దు నీ రాజ్యం కాజేస్తాడని సింహానికి చెప్పాడు. సింహం నిన్ను చంపుతాడని ఎద్దుకు చెప్పాడు. ఎదుటివాడిలో ఏ గుర్తులు కనబడితే నమ్మాలో కూడా నూరిపోశాడు. ఇద్దరూ భయంతో బిగుసుకుని ఎదురుపడ్డారు. ఆ బిగువే ద్రోహానికి రుజువైపోయింది. ఎద్దు చచ్చాడు.

ఇందులో కథ నడిపిన పద్ధతి చూడండి. రాజును తప్పుపట్టాలంటే సింహం ముసుగు చాలు. ఇది అందరికీ తెలిసిందే. రెండోది, కథలో కథ. దమనకుడు కూడా నీతికథలే చెబుతాడు! కొత్తగా వచ్చిన నల్లికి చోటిచ్చి పేను ప్రాణం పోగొట్టుకున్న కథ చెప్పి, పరాయివాణ్ణి నమ్మకూడదని సింహాన్ని ఒప్పిస్తాడు. అంటే నీతికథ అబద్ధానికీ అంతే బాగా పనికొస్తుంది. మూడోది, నక్క ఇద్దరితోనూ ఏమన్నాడో పాఠకుడు వింటాడు. పాత్రలకు సగమే తెలుస్తుంది.

1945లో వెలువడిన జార్జ్ ఆర్వెల్ యానిమల్ ఫారంలోనూ ఇదే పద్ధతి. గోడ మీది నియమాలు మారిపోతుంటే, అవి మొదటినుంచీ అలాగే ఉన్నాయని స్క్వీలర్ అనే పంది తోటి జంతువులను నమ్మిస్తుంది. మోసం మనకు తెలుస్తూనే ఉంటుంది, వాటికి తెలియదు.

చిక్కేమిటంటే, బయటి లోకంలో మనం పాఠకులం కాదు, పాత్రలం. ఊళ్ళో గొడవ జరిగితే వేల మైళ్ళ దూరాన మనకు అందేది ఎవరో పంపిన సగం మాటే. దాన్ని నమ్మి చందాలిస్తాం, పాత స్నేహితుడితో మాటలు మానేస్తాం.

ఎనిమిదో శతాబ్దంలో ఇబ్న్ అల్ ముఖఫ్ఫా ఈ కథలను అరబిక్‌లోకి తెచ్చాడు. సంస్కృత కథలో దమనకుడు మంత్రిగా హాయిగా మిగిలిపోతే, అరబిక్‌లో అతన్ని విచారిస్తారు, సాక్ష్యం వింటారు, శిక్షిస్తారు. నాకు నచ్చింది ఆ విచారణే. మన దగ్గర అది ఎద్దు చావకముందే జరగాలి. ఈ మాట ఎవరన్నారు? దీనివల్ల ఎవరికి లాభం? అవతలివాణ్ణి ఎవరైనా నేరుగా అడిగారా? మన పేరుతో ఏ ప్రకటన వెళ్ళాలన్నా ముందు ఈ మూడింటికీ జవాబు ఉండాలని ప్రతిపాదిస్తున్నాను. చర్చలో మీ అభిప్రాయాలు చెప్పండి.

సెలవు.