పాత పికప్పు బండి, దాని కార్బ్యురెటరు

(వార్షికోత్సవ సందర్భమున జరిగిన తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగ పాఠము)



ప్రతియేట ఈ సభలో ఉత్తీర్ణుల సంఖ్యయు, హాజరు లెక్కలును చదివి వినిపించుట మాకు అలవాటు. ఆ లెక్కలు నివేదికలో కలవు; తీరికగా చూచుకొనగలరు. నేడు మేము ఒక పాత పికప్పు బండిని గూర్చియు, దాని కార్బ్యురెటరును గూర్చియు మాటలాడ దలచితిమి. నవ్వువారు నవ్వవచ్చును. కాని సాంచె ఆగినచో దాని చప్పుడును బట్టియే రోగము చెప్పగల జాబర్లు మన తూర్పు పేటలలో ఎందరో యుండిరి. వారి మనుమల యెదుట ఈ విషయము చెప్పుటకు మాకు సంకోచము లేదు.

దీపావళికి ముందు పదవ తరగతి బాలుడొకడు తొమ్మిది దినములు వరుసగా బడికి రాలేదు. మేము వాని యింటికి పోతిమి. వసారాలో తల్లియు, అక్కయు చాటలు ముందుంచుకొని బీడీలు చుట్టుచుండిరి. గల్లీలో బానెటు ఎత్తిన పికప్పు బండి నిలిచి యుండెను. తండ్రి ఆ బండిమీదనే కార్ఖానాల నుండి చాదర్ల గట్టాలు, తువాళ్ల గట్టాలు ట్రాన్స్‌పోర్టు ఆఫీసులకు చేర్చి జీవించుచున్నాడు. అది పెట్రోలు ఇంజను గల జీపు పికప్పు. ఆయన కొనునాటికే ముసలిది. ఉదయము చక్కగా కదలును, నాలుగైదు కిలోమీటర్లు పోవును, అక్కలకోట రోడ్డుమీద నిలిచిపోవును. అరగంట గడచిన పిదప తానే మరల నడచును. నడుమ దానిని త్రోయుటకు, సరుకునకు కావలి యుండుటకు కొడుకు కావలెను. "బండి ఆగితే ఇల్లు ఆగుతది సారూ. బడి ఆగితే వాడొక్కడే ఆగుతడు" అని తండ్రి యనెను. ఆ మాటకు అప్పుడు మాకు ఉత్తరము తోచలేదు.

మాకు ఇట్టి బండితో కొంత పరిచయము కలదు. మెకానికులము కాము, ఆదివారములందు చేతులు నలుపు చేసికొనువారము మాత్రమే. కావున "కార్బ్యురెటరులో కసవు చేరినది" అని వెంటనే తీర్పు చెప్పితిమి. అంతకుముందే ఒక మేస్త్రీ మూడు మారులు దానిని విప్పి, కడిగి, కూలి తీసికొని పోయి యుండెను. మేము నాలుగవమారు విప్పితిమి.

కార్బ్యురెటరు చేయు పని చూచుటకు చిన్నది. ఒక కిలో పెట్రోలు చక్కగా మండుటకు సుమారు 15 కిలోల గాలి కావలెను. ఆ పాలు తప్పక రెంటిని కలిపి యింజనునకు పంపవలెను. అందులో మొదటి భాగము మన యింటి నీళ్ల టాకీవంటిదే. నల్లా నీరు వచ్చి టాకీ నిండగనే బంతి పైకి తేలి దారి మూయును గదా. ఇక్కడను ఒక చిన్న తేలుడు బుడ్డి పెట్రోలుపై తేలి, సూదివంటి కవాటముతో దారి మూయును. నల్లాకు ఎదురుచూచుటలో ఆరితేరిన మన పేటల తల్లులకు ఇంతకంటె వివరింప నక్కరలేదు. రెండవ భాగము నడుమ సన్నబడిన గొట్టము. గాలి ఆ యిరుకులో దూరునపుడు దాని వేగము హెచ్చి, ఒత్తిడి తగ్గును. అచట తెరచియున్న రంధ్రము నుండి పెట్రోలు పీల్చబడి తుంపురులగును. దోమలమందు చల్లు పాత చేతిపంపులో జరుగునది ఇదియే. ఈ సూత్రమును బెర్నూలీ 1738లో ప్రకటించెను. తుంపుర్ల కార్బ్యురెటరును జర్మనీలో మైబాక్ 1893లో నిర్మించెను. పెట్రోలు ఎంత పోవలెనో నిర్ణయించు ఇత్తడి బిళ్లను జెట్టు అందురు. ఈ బండిలోని సోలెక్స్ తరహా జెట్టుపై 120 అని చెక్కి యుండిన, రంధ్రము 1.20 మిల్లీమీటర్లని యర్థము. ఈ భాగములకు తెలుగు పేర్లు కల్పించుటలో మేము కాలము వ్యర్థము చేయలేదు. జెట్టు జెట్టే.

ఆ సంఖ్య చదివియు మేము చేసిన పని చెప్పుటకు సిగ్గగుచున్నది. రంధ్రములో ఏదో అడ్డుపడినట్లు తోచి, బాలుని తల్లి నడిగి కుట్టుసూది తీసికొని లోన త్రిప్పితిమి. ఉక్కు సూదికి ఇత్తడి లొంగును. రంధ్రము పెద్దదైనది, తరువాత బండి నల్లని పొగ వదలి, ప్లగ్గులు మసిబారినవి. సైకిలు పంపుతో గాలి కొట్టియుండిన చాలును. క్రొత్త జెట్టు మా సొమ్ముతో కొని యిచ్చితిమి.

ఇంకొక తప్పు ఇంతకంటె పెద్దది. పళ్ళెములో పెట్రోలు పోసి, వసారా మెట్టుమీదనే భాగములు కడుగుచుంటిమి. పొరుగింటి పెద్దాయన ఏమి జరుగుచున్నదో చూతమని, వెలిగించిన బీడీతో వచ్చి పళ్ళెముపై వంగెను. "కాకా, బీడీ అవతల పారెయ్!" అని తల్లి వేసిన కేక మాకు ఇప్పటికిని చెవులలో నున్నది. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది పైకి పోదు, నేలబారున ప్రాకి మరియొక గదిలోని పొయ్యిని సైతము చేరగలదు. ఎండుటాకు, పొగాకు, నూలుపోగులు నిండిన యిండ్లు మనవి. ఈ పని ఆరుబయటనే, ఇంజను చల్లారిన పిదప, బ్యాటరీ తీగ విప్పియే చేయవలెను. గొట్టము నోటబెట్టి పెట్రోలు పీల్చు అలవాటు మన డ్రైవర్లలో కలదు. అది ఊపిరితిత్తులలో దిగినచో ప్రాణాంతకము. పొరపాటున మ్రింగిన వానిని వాంతి చేయింపక ఆసుపత్రికి కొనిపోవలెను.

ఇంతచేసినను బండి అక్కలకోట రోడ్డుమీద మరల ఆగినది.

అసలు కారణమును బాలుడు కనుగొనెను. వాడు తన విజ్ఞానశాస్త్రపు నోటుపుస్తకము వెనుక పుటలలో, బండి ఏనాడు ఎంత దూరమున ఆగెనో వ్రాసికొని యుండెను. మేము చెప్పలేదు; ఎవరును చెప్పలేదు. టాంకు నిండుగా నున్ననాడు బండి త్వరగా ఆగుచుండెను, సగమున్ననాడు మరికొంత దూరము పోవుచుండెను. తండ్రి దీనిని చూచి పెట్రోలు కల్తీ యనుకొనెను. బాలుడు వేరొక సంగతి గమనించెను: పుల్లతో పెట్రోలు కొలుచుటకు మూత తీసినప్పుడెల్ల, అరగంట ఆగకుండగనే బండి కదలుచుండెను. మూత తీయునపుడు బుస్సుమని చప్పుడు వచ్చుచుండెను. "సారూ, ఇది మన పాత మూత కాదు" అని వాడనెను. పాత మూత పోగా, భంగారు దుకాణమున మరియొక బండి మూత కొని బిగించిరి. పాతదానికి గాలి పోవు సన్నని రంధ్రముండెను, దీనికి లేదు. పెట్రోలు తరుగుచుండ దాని చోటికి గాలి రావలెను. రానిచో లోని కొద్దిపాటి గాలియే విస్తరించి పలుచబడును, ఒత్తిడి తగ్గును, పంపు పెట్రోలును లాగలేకపోవును. టాంకు నిండుగా నున్నచో ఆ గాలి మరింత కొద్ది గనుక ఆపద మరింత త్వరగా వచ్చును. బాయిల్ 1662లో ప్రకటించిన నియమమిదియే. దానిని మేము ఎన్ని మారులు నల్లబల్లపై వ్రాసితిమో! బండి యెదుట మాకు జ్ఞప్తికి రాలేదు.

కావున ఇట్టి బండి గలవారికి మా మనవి: కార్బ్యురెటరుపై చేయి వేయుటకు ముందు, టాంకు మూత, గొట్టములు, వడపోత, పంపు వరుసగా చూడుడు, ప్లగ్గులో నిప్పు రాలుచున్నదో లేదో చూడుడు. 2025 నాటికి దేశమంతట పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలుపుట స్థిరపడినది. మన జిల్లా చెరకు రైతునకు అందు లాభము కలదు, కాదనము. కాని పాత బండ్లలోని రబ్బరు గొట్టములు, వాచర్లు అందులో ఉబ్బి చీలును. టాంకులోని పాత త్రుప్పు ఊడివచ్చి వడపోతలో చేరును. అది నీటిచెమ్మను కూడ పీల్చును. ఇథనాలుకు తట్టుకొను గొట్టములు వేయింపుడు, వారముల తరబడి బండిని పెట్రోలుతో నిలిపి యుంచకుడు.

బండి బాగైన నాడు తండ్రి మరియొక మాట యనెను: "వీనికి చెయ్యి కుదిరింది సారూ, గ్యారేజీల పెడ్త." చెయ్యి కుదిరిన మాట నిజమే. అయినను మేము సమ్మతింపలేదు. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి 6 నిబంధనలు వచ్చిన పిదప, క్రొత్త మోటారు సైకిళ్లలో సైతము కార్బ్యురెటరు దాదాపు పోయినది. దాని స్థానమున ఇంధనమును కొలిచి చిమ్ము విద్యుత్ యంత్రములు వచ్చినవి. వాని లోపమును తెరపై అక్షరములు చదివి తెలిసికొనవలెను. ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ శిక్షణకు పదవ తరగతి ఉత్తీర్ణత కావలెను. నోటుపుస్తకములో దూరములు వ్రాసికొన్న బాలుడు గ్యారేజీలో పానాలు అందించుచు కూర్చుండుట మాకు ఇష్టము లేదు. తండ్రి వెంటనే ఔననలేదు, కాదనలేదు. ఇరువదియైదేండ్ల వానికి రెండేండ్ల ఆలస్యము ఏమియు కాదు గాని, ఈ మాసపు కిస్తీ కట్టవలసిన వానికి అది పెద్దదే. మేము వాదించితిమి, ఆయన వినెను, చాయ త్రాగితిమి.

సోమవారము బాలుడు బడికి వచ్చెను. సరుకు ఎత్తుటకు తండ్రి మరియొకనిని కూలికి పెట్టుకొనెనట. మార్చి పరీక్ష దాకా మాత్రమేనని కబురు పంపెను. బండి థ్రాటిలు ఇరుసు అరిగి గాలి పీల్చుచున్నది. దానికి బుష్షు వేయవలసియున్నది. వచ్చు ఆదివారము మరల పోయెదము, ఈమారు సూది లేకుండ.