నల్లమలలో మృగపక్షుల ఛాయాగ్రహణము

నంద్యాలలో నిలిచి తూర్పుదిక్కు చూచినను, ఆళ్లగడ్డనుండి అహోబిలమునకు పోవుచు చూచినను, కన్నులకు గోచరించునవి నల్లమల కొండలే. పెద్దపులి, చిరుతపులి, ఎలుగుబంటి, రేచుకుక్క, కణుతి, దుప్పి మున్నగు మృగములకు ఈ యడవి నివాసము. ఈ ప్రాణులను చంపక, చెరపట్టక, వాని నెలవునందే చిత్రించు విద్యను గూర్చి నేడు ముచ్చటింతును.

పూర్వము చంపిన పులిపై కాలు మోపి ఫోటో తీయించుకొనుట ఘనతగా నుండెను. 1920 తరువాతి యేండ్లలో ఛాంపియన్ అను ఆంగ్లేయ అటవీశాఖోద్యోగి ఉత్తరదేశపు అడవులలో తుపాకి మాని కెమేరా చేపట్టెను. పులి నడచు దారికి అడ్డముగా సన్నని తీగ కట్టి, కాలు తగిలినంతనే వెలుగు మెరసి చిత్రము పడునట్లు ఏర్పరచెను. 1927లో ఆయన గ్రంథము వెలువడెను.

నేడు ఆ తీగ అక్కరలేదు. చెట్టుమానునకు కట్టిన చిన్న పెట్టె, తన ముందుగా కదలిపోవు జంతువు వేడిమిని కనిపెట్టి, రేయైనను పగలైనను తానే చిత్రము తీయును. బాటకు ఇరుప్రక్కల ఒక్కొక్క పెట్టె కట్టుదురు. ఏలయన పులికి కుడివైపు చారలొక తీరు, ఎడమవైపు చారలొక తీరు. ఒక పులి చారలు మరియొకదానికి రావు. దస్తావేజుమీది వ్రేలిముద్ర మనుష్యుని పట్టియిచ్చునట్లే చార పులిని పట్టియిచ్చును. 2006 నుండి నాలుగేండ్ల కొకమారు దేశమంతట జరుగు పులుల లెక్కకు ఈ చిత్రములే ముఖ్యాధారము. అంతకుముందు అడుగుజాడలను బట్టి లెక్కించునపుడు ఒకే పులిని రెండుగా ఎంచు ప్రమాదముండెను.

అడవి నెరిగినవారు తోడు లేనిదే యంత్రము వ్యర్థము. ఏ వాగున మృగము నీరు త్రాగునో చెంచు లెరుగుదురు. కడప జిల్లా లంకమల ప్రాంతపు కలివికోడి కథ వినుడు. 1848లో బ్లైత్ ఆ పక్షిని వర్ణించెను. 1900 తరువాత కానరాక, నశించెనని పండితులు తలచిరి. 1986 జనవరిలో రెడ్డిపల్లె చెంత అది మరల దొరకెను. దానిని పట్టి చూపినది ఆ ప్రాంతపు పల్లెవాసియే.

అయితే ఈ విద్యలో కీడును గలదు. నంద్యాలకు ఉత్తరమున రోళ్లపాడులో, బట్టమేకపిట్ట కొరకు 1988లో అభయారణ్య మేర్పడెను. ఆ పిట్ట గూడు కట్టక, సాధారణముగా ఒక్క గ్రుడ్డును నేలమీదనే పెట్టును. చిత్రమునకై మనుష్యుడు దరిజేరిన తల్లి లేచిపోవును. అంతలో కాకియో కుక్కయో గ్రుడ్డు నపహరించును. ఒక ఫోటోకు ఒక ఏటి సంతానము వెలయగును. ఆ పిట్ట నేడు అక్కడ మిక్కిలి దుర్లభము.

2023 మార్చిలో ఆత్మకూరు ప్రాంతమున పెద్దగుమ్మడాపురము చెంత నాలుగు పులికూనలు దొరకెను. తల్లితో కలుపుటకు చేసిన యత్నములు ఫలింపక, వానిని తిరుపతి జంతుశాలకు పంపవలసి వచ్చెను. అడవిలో పెరుగవలసిన కూనలు అడవికి దూరమయ్యెను. కావున కూనలు కనబడినచో ముట్టరాదు. ఫోటోలకై గుంపు గూడరాదు. గుంపున్న చోటికి తల్లి రాదు. వెంటనే అటవీశాఖవారికి తెలుపవలెను.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అభయారణ్యములో ఛాయాచిత్రములు తీయుటకు అనుమతి కావలెను. క్రొత్తవాడు వచ్చి, డబ్బిచ్చెదను గూడు చూపుమని పిల్లల నడిగినచో, పెద్దలు వారింపవలెను. చెట్టుకు కట్టిన పెట్టెను పశులకాపరులు కదపకుండ చెప్పవలెను. అది కదలినచో పులి లెక్క తప్పును. ఈ రెండు మాటలు మీ రచ్చబండమీద చెప్పుడు. అడవి యంచున నివసించు మీ మాటకు గల విలువ పట్టణమునుండి వచ్చు మా మాటకు లేదు.