కంప్యూటరు లైసెన్సు: కొనుగోలా, కౌలా?



తనిఖీకి వచ్చినప్పుడు మేము పాల రిజిస్టరుతోబాటు కంప్యూటరు బిల్లులు కూడ అడుగుతున్నాము. కొందరు కార్యదర్శులు విసుక్కొంటున్నారు. అది మీరు పోసిన పాల డబ్బే గదా!

పూర్వం ఆఫీసు సాఫ్ట్‌వేరు ఒకసారి కొంటే ఆ యంత్రం పనిచేసినన్నాళ్ళు వాడుకొనేవారము. 2011లో మైక్రోసాఫ్టు వారు ఆఫీస్ 365 తెచ్చింది మొదలుకొని సంవత్సర చందా పద్ధతి పెరిగింది. ఇది కౌలు పొలం వంటిది. చందా ఆపితే పాత లెక్కలు చూడవచ్చును, అచ్చు తీయవచ్చును గాని దిద్దుటకు వీలుండదు. ఒకేసారి కొనే ఆఫీస్ 2024 కూడ ఉన్నది. అమ్మేవారు ఆ మాట ఎత్తకపోతే మీరే అడగాలి. మామూలు జమాఖర్చులకు, బిల్లుల పట్టీలకు ఉచితంగా దొరికే లిబ్రె ఆఫీస్ చాలునని మా అభిప్రాయం.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు, ఆఫీస్ 2016, 2019లకు కంపెనీ మద్దతు ముగిసింది. యంత్రం ఆగిపోదు, మామూలుగా వచ్చే భద్రతా సవరణలు ఆగిపోయినవి. సభ్యుల బ్యాంకు ఖాతా నెంబర్లు అందులోనే ఉన్నవి గనుక ఉపేక్షించరాదు. అయితే కంగారుపడి కొత్త కంప్యూటరు కొనవద్దు. ఉన్న యంత్రం విండోస్ 11కు తగినదైతే ఆ మార్పు ఉచితమే.

డబ్బు చెల్లించే ముందు అది కొనుగోలా, చందానా, ఎన్నాళ్ళకో పాలకవర్గ తీర్మానంలో వ్రాయించండి. వచ్చే తనిఖీలో ఆ తీర్మానం చూపమంటాము.