అలవాట్లకు బీమా వెల

“చేసుకొన్నవారికి చేసుకొన్నంత” అని మనవారు తఱచుగా అనుచుందురు. వినుటకు ఈ మాట న్యాయముగనే యున్నది. కాని ఒక యజమాని దీనినే సూత్రముగ గైకొని తన ఉద్యోగుల జీతపు చిట్టాలో ప్రవేశపెట్టినచో ఏమగును? సిగరెట్టు కాల్చువాడు ఆరోగ్య బీమాకు హెచ్చు చందాయు, కాల్చనివాడు తక్కువ చందాయు చెల్లించు ఏర్పాటు అమెరికా సంయుక్త రాష్ట్రములలో పెక్కు కంపెనీలయందు అమలులో నున్నది. మన తెలుగు కుటుంబముల బిడ్డలు ఎందఱో ఆ దేశమున ఉద్యోగములు చేయుచున్నారు. కావున ఈ విషయమును గూర్చి నేడు శ్రోతలతో కొంత ముచ్చటింప దలచితిమి.

వైద్యపు ఖర్చుతో యజమానికి సంబంధమేమని శ్రోతలు అడుగవచ్చును. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున, 1942లో, అమెరికా ప్రభుత్వము జీతములు పెరుగకుండ కట్టడి చేసినది. పనివారు కావలసిన కంపెనీలు, జీతము పెంచు వీలులేక, ఆరోగ్య బీమాను కల్పింప సాగినవి. యజమాని చెల్లించు బీమా చందాపై ఉద్యోగి ఆదాయపు పన్ను కట్టనక్కఱలేదని 1954 నాటి చట్టము స్పష్టము చేయుటతో ఆ పద్ధతి వేళ్లూనినది. నేడు ఆ దేశమున పదిహేను కోట్లకు పైబడిన జనులు ఉద్యోగము ద్వారానే బీమా పొందుచున్నారు. ఖర్చు భరించువాడు ఆ ఖర్చునకు కారణములను వెదకుట సహజము. ఆ విధముగా పొగాకు, స్థూలకాయము, రక్తపుపోటు యజమానుల లెక్కలలోనికి ఎక్కినవి.

చట్టము దీనికి కొన్ని హద్దులు ఏర్పఱచినది. ఆరోగ్యస్థితిని బట్టి ఒకే సంస్థలోని ఉద్యోగుల నుండి హెచ్చుతగ్గులుగా చందా వసూలు చేయరాదని 1996 నాటి చట్టము నిషేధించినది. కాని ఆరోగ్యాభివృద్ధి పథకములకు మినహాయింపు నిచ్చినది. ఆ తేడా బీమా ఖర్చులో నూటికి 20 పాళ్లు మించరాదని 2006 నాటి నిబంధనలు పలికినవి. 2010 నాటి ఆరోగ్య సంస్కరణ చట్టము ననుసరించి 2014 నుండి అది 30 పాళ్లకు, పొగాకు విషయమున 50 పాళ్లకు పెరిగినది. అయితే నిర్ణీత ప్రమాణమును అందుకొనలేని వారికి సంస్థ మఱియొక మార్గము చూపవలెను. పొగ మానలేనివాడు మాన్పించు శిక్షణకు హాజరైనచో అతనికిని రాయితీ దక్కవలెను.

ఇన్ని చేసినను ఫలితము కలుగుచున్నదా? పొగాకు విషయమున కొంత కలుగుచున్నది. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో 878 మంది ఉద్యోగులపై జరిపిన పరిశోధన 2009లో వెలువడినది. పొగ మానినవారికి 750 డాలర్ల వఱకు బహుమాన మిచ్చుట వలన, ఏడాది తిరుగు నాటికి నూటికి సుమారు 15 మంది మానిరి. బహుమానము లేని జట్టులో ఐదుగురే మానిరి. ఇది స్వల్పమే యైనను నిజమైన మేలు.

తక్కిన అలవాట్ల సంగతి వేఱు. ఒక పెద్ద దుకాణముల సంస్థకు చెందిన 160 చోట్ల, సుమారు 33,000 మంది ఉద్యోగులను పరిశీలించిన ఫలితములు 2019లో ప్రకటితమైనవి. పథకము నడచిన చోట్ల, వ్యాయామము చేయుచున్నామని చెప్పినవారి సంఖ్య పెరిగినది. కాని ఏడాదిన్నర పిదప రక్తపుపోటు, బరువు, వైద్యపు ఖర్చు, సెలవులు - వీనిలో చెప్పుకొనదగిన తేడా కానరాలేదు. ఇలినాయ్ విశ్వవిద్యాలయమున జరిగిన మఱియొక పరిశోధన ఇంకొక సత్యమును బయట పెట్టినది. ఇట్టి పథకములలో ముందుగా చేరువారు అంతకు పూర్వమే తక్కువ వైద్యపు ఖర్చు గలవారట. అనగా రాయితీ చాల వఱకు ఆరోగ్యవంతులకే పోవును; ఆ భారము తక్కినవారిపై పడును.

అసలు అలవాటనునది సంపూర్ణముగ మనిషి చేతిలోనిదా? బ్రిటనులో 1967లో ఆరంభమైన పరిశోధన యొకటి ప్రభుత్వోద్యోగులను ఏండ్ల తరబడి పరిశీలించినది. క్రింది తరగతి ఉద్యోగులు పై అధికారుల కంటె హెచ్చుగా గుండెజబ్బుతో మరణించిరి. పొగత్రాగుట, రక్తపుపోటు మొదలగు వానిని లెక్కలోనికి తీసికొన్నను ఆ వ్యత్యాసములో అధిక భాగము మిగిలియే యున్నది. రాత్రి పాళీ చేయు కార్మికునికి వేళకు నిద్ర యెక్కడిది? పదిగంటలు లారీ నడపువానికి వ్యాయామ మెక్కడిది? పని తీరును యజమాని నిర్ణయించును. దాని ఫలితమునకు వెల కార్మికుడు చెల్లించును. ఇది మాకు న్యాయముగ తోపలేదు.

ఇంటి గుట్టు సంగతియు కలదు. పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయము 2013లో ఒక ప్రశ్నపత్రమును ఉద్యోగులకు పంపి, పూర్తిచేయనివారు నెలకు 100 డాలర్లు చెల్లించవలెనని విధించినది. సంసారపు చిక్కులను గూర్చియు, గర్భము ధరించు ఉద్దేశమును గూర్చియు అందు ప్రశ్న లుండుటచే అలజడి చెలరేగినది. ఆ సెప్టెంబరులోనే ఆ జరిమానాను నిలిపివేసిరి. వైద్య వివరములను ఉద్యోగి స్వచ్ఛందముగ చెప్పవలెనని చట్టము. చెప్పనిచో ఇంత డబ్బు పోవునన్న పిదప దానిని స్వచ్ఛంద మనుట ఎట్లు? ఈ ప్రశ్నకు ప్రభుత్వ సంఘము తగిన సమాధాన మీయలేదని 2017లో వాషింగ్టను న్యాయస్థానము తీర్పు చెప్పినది.

మన దేశపు ఇ.ఎస్.ఐ. పథకము వేఱొక త్రోవ నడచినది. 1948 నాటి చట్టముతో పుట్టి, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో ఆరంభమైన ఈ పథకమున చందా జీతమును బట్టియే గాని అలవాటును బట్టి కాదు. 2019 జూలైలో కార్మికుని వాటాను నూటికి 0.75గను, యజమాని వాటాను 3.25గను తగ్గించిరి. ఆస్పత్రులలో మందుల కొఱతను, నిరీక్షణను గూర్చిన ఫిర్యాదులు లేకపోలేదు. అయినను చుట్ట కాల్చువాడని గాని, లావుగ నున్నాడని గాని ఎవరి చందాయు పెరుగదు.

పొగ మానుటకు మందు, సలహా, బహుమానము ఇచ్చుట మంచిదే. కాని శరీరపు బరువునకు, రక్తపుపోటునకు జరిమానా విధించుట తగదని మా అభిప్రాయము. విదేశమున నున్న మన బిడ్డల చేతికి ఇట్టి కాగితము వచ్చినపుడు, మఱియొక మార్గ మేది గలదో, తాము వ్రాసిన వివరములు ఎవరి కంట పడునో అడిగి తెలిసికొని, అటు పిమ్మటనే సంతకము చేయుమని పెద్దలు ఒక్క మాట చెప్పుట మేలు.