పక్షవాతం తగ్గాక జ్ఞాపకానికీ పరీక్ష అవసరమే
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఇళ్ళల్లో ఫాలిజ్ అనే పక్షవాతం కొందరికి స్వల్పంగా వచ్చిపోతుంది. మూతి సర్దుకుంటుంది, చెయ్యి లేస్తుంది. "అల్‌హందులిల్లాహ్, గండం గడిచింది" అనుకుంటాము. కాని దెబ్బ తగిలింది చేతికి కాదు, మెదడుకు.

ఆ తర్వాత ఇంట్లో గమనించండి. ఆటోనగర్‌లో పాతికేళ్ళు ఇంజన్లు విప్పి బిగించిన మనిషి ఏది ముందో ఏది వెనకో తడుముకుంటాడు. దుకాణంలో చిల్లర లెక్క తప్పుతుంది. ఒకే మాత్ర రెండుసార్లు మింగుతారు. నమాజులో రకాతులెన్నయ్యాయో పదేపదే సందేహం. మనమేమో "బద్ధకం" అని కసురుకుంటాము. అది బద్ధకం కాకపోవచ్చు, జబ్బు మిగిల్చిన లోటు కావచ్చు. పక్షవాతం నుంచి బయటపడినవారిలో ఏడాదిలోగా 60 శాతం వరకు ఇటువంటి లోటు కనిపిస్తుందని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2023లో తెలిపింది. లోటు కొద్దిపాటిదైతే 20 శాతం మంది వరకు పూర్తిగా కోలుకుంటారు. మొదటి ఆరు నెలల్లోనే ఆ అవకాశం ఎక్కువ. అందుకే ఆలస్యం పనికిరాదు.

దీనికి పరీక్ష ఉన్నది. సూదీ లేదు, స్కానింగూ లేదు. కెనడా వైద్యులు 2005లో ప్రచురించిన 'మోకా' పరీక్షకు పది నిమిషాలు, 30 మార్కులు. గడియారం బొమ్మ వెయ్యమంటారు, 100 లోంచి ఏడేసి తీసెయ్యమంటారు, అయిదు మాటలు చెప్పి కాసేపాగి అడుగుతారు. మార్కులు తగ్గితే పిచ్చి అని కాదు, ఇంకా లోతుగా చూడాలని అర్థం.

ఉపాధ్యాయులుగా మేమొక మాట మనవి చేస్తాము. రాని భాషలో ప్రశ్నపత్రమిచ్చి మార్కులు రాలేదంటే తప్పెవరిది? ఈ పరీక్ష ఉర్దూలోనూ తెలుగులోనూ ఉన్నది. రోగి ఏ భాషలో లెక్కపెట్టుకుంటారో, ఎంతవరకు చదివారో డాక్టరుగారికి ముందే చెప్పండి.

భాషకు మరో మేలు కూడా ఉన్నది. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 608 మంది పక్షవాత రోగులను పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించింది. రెండు భాషలవారిలో 40.5 శాతం మందికి తెలివి చెక్కుచెదరలేదు. ఒక్క భాషవారిలో 19.6 శాతం మందికే. ఇంట ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే మనకిది సంతోషమే. అయినా రెండు భాషలవారిలోనూ సగం మందికి పైగా లోటు పడింది గదా! ధీమా వద్దు.

కాబట్టి తిరిగి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు ఇంట్లోవారు ఒకరు తోడు వెళ్ళండి. బి.పి., షుగరుతోబాటు "జ్ఞాపకం కూడా చూడండి డాక్టరుగారూ" అని నోరు తెరిచి అడగండి. లోటు తేలితే మాత్రల బాధ్యత మీరు తీసుకోండి, బండి నడపవచ్చునో లేదో అడిగి తెలుసుకోండి. అన్నిటికన్నా ముందు, కసురుకోవడం మానండి.