సున్నం తెలిసిన పిల్లకు సున్నా మార్కులా?



మన పిల్లలకు సైన్సు ఎక్కదంటారు. నేను సైన్సు పంతుల్నే, చెబుతున్నా వినండి. కాల్చిన సున్నం మీద నీళ్ళు పోస్తే కుతకుత ఉడుకుతుందని మన వాడలో తెలియనిదెవరికి? సున్నపు నీళ్ళలో నానేస్తే తోలు మీది వెంట్రుక ఊడుతుందని, తంగేడు చెక్క వేస్తే తోలు కుళ్ళదని మన తాతలు ఏ కాలేజీలో చదివారు? సున్నం ఉడకడాన్నే పుస్తకం "ఉష్ణమోచక చర్య" అంటుంది. పిల్లకు సంగతి తెలుసు, ఆ మాటా ఆ రాతా తెలియవు. అవి నేర్పాల్సింది తెలుగు పంతులు కాదు, సైన్సు పంతులే.

నేను పిల్లల్ని దూరంగా నిలబెట్టి (కంట్లో పడితే ప్రమాదం) సున్నం తడిపి చూపిస్తాను. ఏం చేశాం, ఏం చూశాం, ఎందుకు జరిగింది, ఈ మూడూ విడివిడిగా వాళ్ళ మాటల్లోనే రాయిస్తాను. "వేడి బయటికొచ్చింది" అని పిల్ల రాశాక, ఉష్ణమంటే వేడి, మోచనమంటే విడవడం అని విడగొట్టి చెబితే ఇక మర్చిపోదు. గైడు బట్టీ కొట్టినోడు ప్రశ్న కాస్త తిప్పి అడిగితే ఆగిపోతాడు.

సోషలు చదివే తీరు వేరు. మహద్ చెరువు నీళ్ళు అంటరానివాళ్ళకు "నిరాకరించబడ్డాయి" అని రాసి ఉంటే, నిరాకరించిందెవరని పిల్ల అడగాలి. 1927 మార్చి 20న బాబాసాహెబ్ ఆ నీళ్ళు తాగింది ఎవరిని ఎదిరించో అప్పుడే తెలుస్తుంది.

ఇంగ్లీషు మీడియం వచ్చినా ఈ పని తప్పదు, రెట్టింపవుతుంది.

ఈసారి బడి మీటింగుకు పోతే నోటుబుక్కులు తెరవండి. చదువు రాకపోయినా ఫర్వాలేదు, రెండు పక్కపక్కన పెట్టి చూడండి. అక్షరం పొల్లుపోకుండా ఒక్కలాగే ఉంటే అది బోర్డు మీంచి ఎక్కించిందే. మా పిల్ల సొంత వాక్యం ఏదని పంతుల్ని అడగండి. నిలబడి కాదు, కుర్చీలో కూర్చునే అడగండి.