కీళ్లవాతం మందులు: మనం అడగవలసిన ప్రశ్నలు

(గూడూరులో జరిగిన మహిళల ఆరోగ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టర్ని కాను. పన్నెండేళ్లుగా కీళ్లవాతంతో బతుకుతున్నదాన్ని. మీరు కాగితాల మీద రాసిచ్చిన ప్రశ్నల్లో ఎక్కువమంది అడిగినవాటి గురించి మాట్లాడతాను.

ముందు జబ్బు సంగతి. మనం ఏ నొప్పినైనా వాతమే అంటాం. ఊడ్పుల్లో రోజంతా నడుం వంచితే వచ్చే నొప్పి వేరు. వయసు మీద పడి మోకాళ్లు అరిగితే వచ్చేది వేరు. 2006లో చికున్‌గున్యా మన రాష్ట్రాన్ని పీడించినప్పుడు నెలల తరబడి కీళ్లు పట్టేశాయే, అది వేరు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతంలో ఒంటిని కాపాడవలసిన రక్షణ శక్తే కీళ్ల మీద దాడి చేస్తుంది. రెండు చేతుల వేళ్ల కణుపులు, మణికట్లు వాస్తాయి. పొద్దున లేచాక చాలాసేపు వేళ్లు మడత పడవు.

ఇది మగవాళ్లకంటే ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. పెడనలో కలంకారీ అచ్చు వేసే చేతికైనా, ఇక్కడ నారు పట్టే చేతికైనా కూడు పెట్టేవి వేళ్లే. అయినా "పని ఎగ్గొట్టడానికి వేషాలు" అన్న మాట పడని వాళ్లు మనలో ఎందరు? ఆ మాటకు భయపడి నోరు మూసుకున్న నెలల్లోనే కీలు దెబ్బతింటుంది. ఒకసారి వంకరపోయిన వేలిని ఏ మాత్రా తిరిగి చక్కచేయలేదు.

ఇక ప్రశ్నలు. "ఆర్‌ఎంపీ గారి పొట్లంతో రెండు రోజుల్లో తగ్గుతోంది, పెద్ద డాక్టరు మందు నెలైనా పని చేయదేం?" అని ఒక వదిన అడిగింది. పేరు లేని ఆ పొట్లంలో నొప్పి మాత్రతో పాటు స్టెరాయిడ్ ఉండటం కద్దు. స్టెరాయిడ్ విషమని నేననను. తక్కువ మోతాదులో, కొద్దికాలం, డాక్టరు కనిపెట్టి చూస్తూ ఇస్తే ఉపయోగమే. ఏం మింగుతున్నామో తెలియకుండా ఏళ్ల తరబడి వాడితే ఎముకలు గుల్లబారతాయి, షుగరు, బీపీ వస్తాయి. అలవాటైన ఒంటికి ఒక్కసారిగా ఆపేసినా ప్రమాదమే. ఉత్త నొప్పి మాత్రలు బాధను తగ్గిస్తాయి గానీ జబ్బును ఆపవు. పైగా కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. జబ్బును ఆపే మందులు మెథోట్రెక్సేట్, సల్ఫాసలజిన్, లెఫ్లునమైడ్, హైడ్రాక్సీక్లోరోక్విన్. వీటి గుణం కనపడటానికి ఆరు నుంచి పన్నెండు వారాలు, కొన్నిటికి ఇంకా ఎక్కువే పడుతుంది.

"మెథోట్రెక్సేట్ క్యాన్సర్ మందట కదా?" అవును, 1940లలో మొదట రక్త క్యాన్సర్‌కు వాడారు. ఆ మందు వచ్చిన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు పెద్ద మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. కీళ్లవాతానికి ఇచ్చే మోతాదు చాలా తక్కువ. అమెరికా ప్రభుత్వం 1988లో ఇందుకు ఆమోదించింది. భయపడవలసింది పేరును చూసి కాదు, లెక్క తప్పడాన్ని చూసి. ఈ మాత్ర వారానికి ఒక్క రోజే. పొరపాటున రోజూ వేసుకుంటే నోరు పూసి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. దాంతో ఇచ్చే ఫోలిక్ యాసిడ్ కూడా చూడటానికి చిన్న పసుపు మాత్రే కావచ్చు. అందుకని ఏ మాత్ర ఏ వారమో తెలుగులో రాయించుకోండి. రక్తకణాలకు, లివరుకు, కిడ్నీకి డాక్టరు చెప్పిన గడువులో రక్తపరీక్ష చేయించుకోవాలి. బందరు వెళ్లి రావాలంటే ఒక రోజు కూలి పోతుందని నాకు తెలుసు. మందు రాసినంత తేలికగా పరీక్ష దగ్గర్లో దొరకాలని అడగటం మన బాధ్యత.

పేరు రాయకుండా ఒక చెల్లెలు అడిగింది: "ఈ మందులు వాడితే పిల్లలు పుడతారా?" పుడతారమ్మా. అయితే గర్భంతో ఉండగా మెథోట్రెక్సేట్, లెఫ్లునమైడ్ వాడకూడదు, బిడ్డకు చేటు. గర్భం కావాలనుకుంటే కొన్ని నెలల ముందే డాక్టరుతో మాట్లాడి మందు మార్చుకోవాలి. అప్పటిదాకా గర్భం రాకుండా జాగ్రత్త పడాలి. లెఫ్లునమైడ్ ఆపాక కూడా రెండేళ్ల వరకు ఒంట్లో ఉండిపోవచ్చు. దాన్ని కడిగేసే మందుంది. హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజిన్ గర్భంలోనూ వాడవచ్చు.

ఈ సంగతి మనలో ఎంతమందికి చెప్పారు? ఒక ఆసుపత్రిలో నా ఎదుటే నా భర్తను అడిగారు, "ఇంకా పిల్లలు కావాలా" అని. పెళ్లికాని పిల్లకైతే అసలు చెప్పరు. సంబంధం చెడుతుందని తల్లులు మందు దాస్తారు, అత్తవారింట్లో ఆ పిల్ల మందు మానేస్తుంది, ఏడాది తిరక్కుండా వేళ్లు వంకరపోతాయి. లేదా ఎవరికీ చెప్పకుండా మింగుతుంది, ఆ మందుతోనే గర్భం వస్తుంది. రెండిట్లోనూ నష్టపోయేది ఆమే.

2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందో గుర్తుంచుకోండి. మత్తులో ఉన్న ఆమెకు బదులు తల్లి అంగీకారంతో గర్భసంచి తీసేశారు. అత్యవసరం కానప్పుడు, యుక్తవయసు వచ్చిన స్త్రీ తరఫున తల్లి అంగీకారం చెల్లదని కోర్టు చెప్పింది. చికిత్స వల్ల లాభమేమిటో, ప్రమాదమేమిటో, వేరే దారి ఏముందో రోగికి చెప్పాలని కూడా చెప్పింది. 2002 నాటి భారత వైద్య మండలి నిబంధనల ప్రకారం మన రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి.

కాబట్టి చీటీ చేతికి రాగానే ఐదు మాటలు అడగండి. ఈ మందు పేరేమిటి? రోజూనా, వారానికా? ఎన్నాళ్లకు గుణం కనిపిస్తుంది? ఏ పరీక్ష, ఎప్పుడు? గర్భం వస్తే ఏమిటి? అడగటానికి నోరు రాకపోతే పక్కన ఒక స్నేహితురాలిని తీసుకెళ్లండి. నేనూ వస్తాను.